లాడెన్ డ్రైవర్‌కి దొరికిన లాయరు మన పాకాల జవానుకి ఎందుకు దొరకడు?

మిలిటరీలో లాయరు ఉద్యోగం అంటే మన పక్క పిల్లలకి ఈమధ్య మోజు బాగా పెరిగింది. తప్పేం లేదు. తిరుపతి కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే మొదటి రెండు మూడేళ్ళు పెట్రోల్ డబ్బులు వస్తే గొప్ప, అదే జాగ్‌లో, అంటే జడ్జ్ అడ్వకేట్ జనరల్ డిపార్ట్‌మెంట్‌లో, సైన్యానికి సొంతంగా ఉండే లాయర్ల శాఖ అది, దాంట్లో సెలెక్ట్ అయితే చెన్నై ఓటీఏలో, అంటే ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీలో, 49 వారాల ట్రైనింగ్, ఆ తర్వాత భుజం మీద లెఫ్టినెంట్ స్టార్లు, బేసిక్ 56,100, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, క్వార్టర్స్, క్యాంటీన్. లా డిగ్రీలో 55 శాతం ఉండాల, వయసు 27 దాటకూడదు, ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో ఐదు రోజులు నలిపి నలిపి చూస్తారు, ఇప్పుడు క్లాట్ పీజీ స్కోరు కూడా అడుగుతున్నారు.

మా అక్క కూతురు ఎస్వీ యూనివర్సిటీలో లా ఆఖరి సంవత్సరం చదువుతోంది. "మామా, జాగ్‌కి అప్లై చేస్తా, అమ్మకి నువ్వే చెప్పాల" అంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి దీనికి హుషారు ఎక్కువైంది. అంతకుముందు జాగ్ నోటిఫికేషన్లో మగవాళ్ళకి 6 పోస్టులు, ఆడవాళ్ళకి 3 అని విడగొట్టి పెట్టినారు, మెరిట్‌లో మగవాళ్ళ కంటే పైన ఉన్న ఆడపిల్లలకి సీటు రాలేదు, అట్లా విడగొట్టేది చెల్లదని కోర్టు కొట్టేసింది. మంచి తీర్పు. మా అక్కకి నేనే చెప్పినా, పంపించు అని.

కానీ ఆ పిల్లకి ఇంకో మాట కూడా చెప్పినా, అదే ఇక్కడ కొంచెం పొడుగ్గా రాస్తున్నా. జాగ్‌లో చేరేవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళైనా, ఎంత నిజాయితీపరులైనా, మన సైనిక న్యాయం వాళ్ళ వల్ల బాగుపడదు. ఎందుకంటే మన చట్టంలో ఆ లాయర్‌కి కుర్చీ వేసిన చోటే తప్పు. కమాండర్ పక్కన వేసినారు, జవాను పక్కన వేయలేదు.

జాగ్ ఆఫీసర్ చేసే పని చూడండి. ఫలానా జవాను మీద ఛార్జ్ నిలబడుతుందా లేదా అని కమాండర్‌కి సలహా చెప్పడం. ఛార్జ్‌షీట్‌ని సరి చూడటం. జనరల్ కోర్ట్ మార్షల్, అంటే సైన్యం లోపలే జరిపే పెద్ద విచారణ, జరిగితే దాంట్లో జడ్జ్ అడ్వకేట్‌గా కూర్చుని సభ్యులకి చట్టం ఏం చెప్తుందో వివరించడం. అప్పుడప్పుడు ప్రాసిక్యూటర్‌గా నిలబడటం. అయిపోయిన విచారణల కాగితాలు చూసి రివ్యూ చేసే ఆఫీసర్‌కి నోట్ రాయడం. సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్లో కేసు పడితే ప్రభుత్వం తరఫు వకీలుకి ఫైలు తయారుచేసి ఇవ్వడం. ఇందులో నిందితుడి తరఫున మాట్లాడే పని యాడ ఉంది? నిందితుడికి డిఫెండింగ్ ఆఫీసర్ అని ఒకరిని ఇస్తారు, నిజమే, కానీ ఆయన లా చదివుండాలన్న రూలేం లేదు. ఆ ఆఫీసర్ మంచోడే అయ్యుంటాడు, పాపం రాత్రంతా కూర్చుని ఆర్మీ యాక్ట్ తిరగేస్తాడు కూడా, కానీ గుండెనొప్పి వస్తే మనం ఇంజనీరు దగ్గరికి పోము కదా. డబ్బులుంటే బయట లాయర్‌ని పెట్టుకోవచ్చు, జనరల్, డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్స్‌లో దానికి అనుమతి ఉంది. జమ్మూలో జరిగే విచారణకి పాకాల నుంచి లాయర్‌ని తీసుకుపోవాలంటే ఎంత అవుతుందో లెక్కేసుకోండి.

ఇంతవరకు చెప్పింది పెద్ద కోర్టుల సంగతి. జనరల్ కోర్ట్ మార్షల్ అంటే కనీసం 5 మంది ఆఫీసర్లు, ఉరిశిక్ష వేయాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాల. డిస్ట్రిక్ట్ అంటే కనీసం 3 మంది, జైలు 2 ఏళ్ళ వరకు. వీటి తీర్పు, శిక్ష పై అధికారి కన్ఫర్మ్ చేసేదాకా చెల్లవు. ఏదో ఒక మోస్తరు పద్ధతి ఉంది. నా గొడవంతా ఇంకో రకం మీద. సమ్మరీ కోర్ట్ మార్షల్.

పాకాల దగ్గర పల్లె నుంచి ఒకాయన నా ఆఫీసుకి వచ్చినాడు, పేరు వద్దు. వాళ్ళ చిన్నాన్న కూడా వచ్చినాడు, ఆయన మాజీ సుబేదారు, మాట్లాడిందంతా ఆయనే, ఈయన తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మకి బాగలేదని లీవులో వచ్చి, లీవు అయిపోయినా తిరిగి పోలేదు, పోయేసరికి ఆలస్యమైంది. సెక్షన్ 39, లీవు దాటి ఉండిపోవడం. సర్వీసు పదమూడేళ్ళు నిండింది, జవానుకి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళు ఉండాల. డిస్మిస్ చేసినారు. "సార్, వీడు తాగుబోతు కాదు, దొంగ కాదు, వాళ్ళమ్మని రుయా ఆస్పత్రిలో చూసుకుంటా ఉండిపోయినాడు, ఆ చీటీలన్నీ ఉండాయి" అని ఆ చిన్నాన్న ఒక బట్టల షాపు కవర్లోంచి కాగితాలు తీసి టేబుల్ మీద పెట్టినాడు. అన్నీ ఉన్నాయి. ఓపీ చీటీలు, స్కానింగ్ రిపోర్టు, మందుల బిల్లులు, వాటి కింద కోర్ట్ మార్షల్ ప్రొసీడింగ్స్.

ఆ ప్రొసీడింగ్స్ చూడాల మీరు. ప్రశ్నలు ముందే అచ్చేసిన ఫారం. సాక్షి పేరు, ఆయన చెప్పింది నాలుగు లైన్లు, దాని కింద "క్రాస్ ఎగ్జామినేషన్: డిక్లైన్డ్", అంటే నిందితుడు సాక్షిని ఏమీ అడగనన్నాడని. ఇంకో సాక్షి, మళ్ళీ డిక్లైన్డ్. నిందితుడు చెప్పుకునేది ఏమైనా ఉందా అన్నచోట ఒక్క లైను, క్షమించమని. ఆస్పత్రి చీటీల ప్రస్తావనే లేదు. నేను ఆయన్ని అడిగినా, ఎందుకప్పా సాక్షిని ఏమీ అడగలేదు అని. అప్పుడు మొదటిసారి తలెత్తి "సీఓ సాబ్ ముందర ఏం అడగాల సార్" అన్నాడు.

ఆయన మాటలో భయం ఒక్కటే కాదు, చట్టం కూడా ఉంది. సమ్మరీ కోర్ట్ మార్షల్లో కోర్టు అంటే ఒక్క మనిషే, ఆ యూనిట్ కమాండింగ్ ఆఫీసర్, అదే సీఓ. ఆర్మీ యాక్ట్ 116 సెక్షన్ అదే చెప్తుంది. పక్కన ఇంకో ఇద్దరు కూర్చుంటారు, వాళ్ళు ప్రమాణం చేయరు, తీర్పులో వాళ్ళ మాట ఉండదు. ఆ సీఓ లెఫ్టినెంట్ కల్నల్ లేదా ఆ పైన అయితే ఏడాది దాకా జైలు వేయొచ్చు, డిస్మిస్ చేయొచ్చు. శిక్షని ఎవరూ కన్ఫర్మ్ చేయనక్కర్లేదు, అప్పటికప్పుడు అమలు చేసుకోవచ్చు, అది 161. ఆ యూనిట్లో ఛార్జ్ మోపేది ఆయన కిందివాళ్ళే, సాక్షులూ ఆయన కిందివాళ్ళే, తీర్పు చెప్పేది ఆయన, రేపు పొద్దున సాక్షికి లీవు శాంక్షన్ చేసేది కూడా ఆయనే.

సరే, లాయర్ ఉంటాడు కదా అంటారా? ఉండొచ్చు. ఆర్మీ రూల్స్ 129వ రూలు ప్రకారం నిందితుడు తనకి సాయంగా ఒకరిని తెచ్చుకోవచ్చు, లాయరైనా పర్లేదు. కానీ ఆయన సలహా చెప్పొచ్చు, సాక్షిని ఏమడగాలో చెవిలో చెప్పొచ్చు, అంతే. సాక్షిని తానుగా ప్రశ్నించకూడదు, కోర్టుతో మాట్లాడకూడదు. ఇరవై ఏళ్ళ ప్రాక్టీసున్న క్రిమినల్ లాయరు పోయినా అక్కడ నోరు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఛార్జ్ చెప్పినప్పటి నుంచి విచారణ మొదలయ్యేదాకా కనీసం 96 గంటలు టైం ఇవ్వాల, యాక్టివ్ సర్వీసులో, అంటే యుద్ధం లాంటి డ్యూటీలో ఉంటే 24 గంటలే. మన తిరుపతి నుంచి జమ్మూకి రైల్లోనే రెండు రోజులు పైన పడుతుంది. ఇంట్లోవాళ్ళకి ఫోన్ రావాల, వాళ్ళు ఏడ్చుకోవాల, లాయర్‌ని వెతకాల, డబ్బులు పుట్టించాల, టికెట్ దొరకాల, ఇవన్నీ 96 గంటల్లో.

ఇంకోటి. ఈ సమ్మరీ కోర్టు ఎవరి మీద నడుస్తుందో తెలుసా? ఆఫీసర్ మీద నడవదు. జేసీఓ మీద, అంటే సుబేదారు లాంటివాళ్ళ మీద, నడవదు. సిపాయి నుంచి హవల్దారు దాకా మాత్రమే. 1857 తిరుగుబాటు తర్వాత దేశీ సిపాయిల మీద తెల్ల సీఓకి పట్టు ఉండాలని తెచ్చిన ఏర్పాటు ఇది. తెల్లవాళ్ళు పోయినారు, 1950లో మనమే కొత్తగా ఆర్మీ యాక్ట్ రాసుకున్నాం, ఇది మాత్రం పొల్లు పోకుండా అందులో దిగింది. అదే 1950లో రాసుకున్న ఎయిర్ ఫోర్స్ యాక్ట్‌లో సమ్మరీ కోర్ట్ మార్షల్ అన్న రకమే లేదు. ఎయిర్ ఫోర్స్‌లో డిసిప్లిన్ ఏమైనా కూలిపోయిందా? నాకు ఈ ప్రశ్నకి ఏ రిటైర్డ్ కల్నల్ గారూ ఇంతవరకు సూటిగా జవాబు చెప్పలేదు, చానామందిని అడిగినా.

రంజిత్ ఠాకూర్ కేసు తెలీకుండా మిలిటరీ లా చదివినాం అనకూడదు. సిగ్నల్స్‌లో జవాను. తనని హింసిస్తున్నారని నేరుగా పై అధికారులకి అర్జీ పెట్టుకున్నాడు, వరస తప్పించి పెట్టినందుకు 28 రోజుల కఠిన శిక్ష వేసినారు. ఆ శిక్షలో ఉండగా జేసీఓ అన్నం తినమంటే తినలేదు. అన్నం తినలేదు, అంతే. దానికి సమ్మరీ కోర్ట్ మార్షల్, ఏడాది జైలు, ఉద్యోగం నుంచి డిస్మిస్. పైగా ఎవరి మీద ఫిర్యాదు చేసినాడో ఆ ఆఫీసరే కోర్టులో కూర్చున్నాడు, ఈ మనిషి నాకు వద్దు అని చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. 1987లో సుప్రీంకోర్టు మొత్తం కొట్టేసింది, పక్షపాతం ఉంది, నేరానికీ శిక్షకీ పొంతనే లేదు అని. మన లా కాలేజీల్లో ప్రపోర్షనాలిటీ అని ఒక చాప్టర్ చెప్తారే, దానికి ఈ దేశంలో పునాది రాళ్ళలో ఒకటి ఆ జవాను తినని అన్నం.

ఇప్పుడు టైటిల్ సంగతికి వస్తా. ఒసామా బిన్ లాడెన్ దగ్గర డ్రైవర్‌గా పనిచేసిన సలీం హమ్దాన్ అనే యెమెన్ మనిషిని అమెరికావాళ్ళు పట్టుకుపోయి గ్వాంటనమోలో, క్యూబాలో ఉండే వాళ్ళ మిలిటరీ జైల్లో, పెట్టినారు. మిలిటరీ కమిషన్ ముందు విచారణ అన్నారు. ఆ కమిషన్లు పుట్టుకతోనే తేడా, రూల్స్ అప్పటికప్పుడు రాసుకున్నవి, దాన్నేం నేను పొగడటం లేదు. కానీ అతనికి లాయర్‌గా ఎవరిని పెట్టినారు? అమెరికా నేవీ జాగ్ ఆఫీసర్ చార్లెస్ స్విఫ్ట్‌ని, లెఫ్టినెంట్ కమాండర్. నేరం ఒప్పించే బేరం కోసమే క్లయింటుని కలవనిస్తామన్నట్టు తనకి చెప్పారని ఆయనే తర్వాత బయటపెట్టాడు. ఆయన ఒప్పించలేదు. తాను యూనిఫాంలో ఉంటూనే తన సొంత దేశాధ్యక్షుడి మీద కేసు నడిపినాడు, నీల్ కత్యాల్ అనే మన మూలాలున్న ప్రొఫెసర్ సుప్రీంకోర్టులో వాదించినాడు, 2006 జూన్ 29న 5-3తో గెలిచినారు. ఆ కమిషన్లు చట్టానికీ, జెనీవా ఒప్పందాలకీ విరుద్ధం అని తీర్పు.

ఆ తర్వాత స్విఫ్ట్ గతి? తీర్పు వచ్చిన కొద్ది రోజులకే ఆయనకి కమాండర్ ప్రమోషన్ రాలేదని తెలిసింది. ప్రమోషన్ రాకపోతే బయటికి పోవాల్సిందే అన్న రూలు వాళ్ళది, 2007లో రిటైర్ అయిపోయినాడు. గెలిచినందుకే ఆపినారని నేను రాయను, దానికి రుజువు నా దగ్గర లేదు. కానీ గెలిచిన లాయర్ ప్రమోషన్ ఫైలు మీద ఎవరు సంతకం పెడతారు అన్న ప్రశ్న మాత్రం ఆ దేశానిదీ మనదీ ఒకటే. అదే గ్వాంటనమోలో ప్రాసిక్యూషన్ పక్కన కూడా, హింసపెట్టి రాబట్టిన మాటల మీద నేను కేసు నడపను అని స్టువర్ట్ కౌచ్ అనే మెరైన్ లాయరు పక్కకి తప్పుకున్నాడు. చీఫ్ ప్రాసిక్యూటర్‌గా ఉన్న మోరిస్ డేవిస్ 2007లో రాజీనామా చేసినాడు.

నా బాధ ఏందంటే, ఎంత వంకర కోర్టు అయినా అమెరికా తన శత్రువు డ్రైవర్‌కి ట్రైనింగ్ ఇచ్చిన, జీతం ఇచ్చే, నోరు తెరిచి వాదించే లాయర్‌ని ఇచ్చింది. మనం మన సొంత జవానుకి, లీవు ఎక్కువ తీసుకున్నవాడికి, నోరు మూసుకుని కూర్చునే లాయర్‌ని మాత్రం అనుమతిస్తున్నాం, అది కూడా వాడి ఖర్చుతో.

డిసిప్లిన్ అన్న వాదన ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. మా నాన్న స్నేహితులు చానామంది ఫౌజీలే, వాళ్ళతో ఇదే గొడవ. "నీ తిరుపతి కోర్టులో ప్రహరీగోడ కేసు పదేళ్ళు నడుస్తాది, అట్లా బార్డర్లో నడిపితే ఎవడు తుపాకీ పట్టుకుంటాడు రా" అంటారు. కరెక్టే. రాజ్యాంగం 33వ అధికరణం కూడా అందుకే ఉంది, సైన్యంలో ఉన్నవాళ్ళ ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించొచ్చు అని. యుద్ధంలో, కొండ మీద పోస్టులో, సీఓకి వెంటనే శిక్షించే అధికారం ఉండాల, ఒప్పుకుంటా. కానీ చిన్న తప్పులకి కోర్టు లేకుండానే శిక్షించే అధికారం సీఓకి 80వ సెక్షన్ కింద వేరేగా ఉండనే ఉంది. నా కేసు యుద్ధంలో జరగలేదు, పీస్ స్టేషన్లో జరిగింది. పదమూడేళ్ళ సర్వీసు, జీవితాంతం పెన్షన్, ఊళ్ళో పరువు, ఇవన్నీ ఒక పూటలో తీసేసే తొందర పీస్ స్టేషన్లో ఏముంది? డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్ పెట్టి ముగ్గుర్ని కూర్చోబెట్టి లాయర్‌ని మాట్లాడనిస్తే ఏం కొంప మునుగుతుంది?

మనం ఎవరి నుంచి ఈ చట్టం తెచ్చుకున్నామో ఆ బ్రిటన్ వాళ్ళే మార్చుకున్నారు. ఫాక్‌లాండ్స్ యుద్ధం చూసొచ్చి మనసు చెదిరిపోయిన ఫిండ్లే అనే సైనికుడు తోటివాళ్ళ మీద పిస్టల్ ఎక్కుపెట్టినాడు, కోర్ట్ మార్షల్ అయింది. కోర్టుని పిలిచిన ఆఫీసరే సభ్యుల్ని వేసినాడు, ప్రాసిక్యూటర్‌ని వేసినాడు, డిఫెండింగ్ ఆఫీసర్‌ని వేసినాడు, చివరికి శిక్షని కన్ఫర్మ్ చేసిందీ ఆయనే. 1997లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఇది స్వతంత్ర న్యాయస్థానం కాదు పొమ్మంది. ఇప్పుడు అక్కడ కోర్ట్ మార్షల్లో కూర్చునే జడ్జ్ అడ్వకేట్ యూనిఫాం లేని సివిల్ జడ్జి, ప్రాసిక్యూషన్‌కి కమాండ్‌తో సంబంధం లేని వేరే సంస్థ. మన దగ్గర ఏమైంది? 2000లో చరణ్‌జీత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఒక అడుగు వేసింది, నిందితుడైన ఆఫీసర్ కంటే ర్యాంకులో చిన్నవాడు జడ్జ్ అడ్వకేట్‌గా ఉండకూడదని. అంటే ర్యాంకు తేడా మనిషి నోటి మీద పనిచేస్తుందని కోర్టే ఒప్పుకుంది కదా. మరి కోర్టుని పిలిచే జనరల్ కింద, ఆయన హెడ్‌క్వార్టర్స్‌లోనే నౌకరీ చేసే జాగ్ మేజర్ మీద ఆ తేడా పనిచేయదా?

ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే, 1982లో పృథీపాల్ సింగ్ బేడీ కేసులో సుప్రీంకోర్టు కనీసం ఒక్క అప్పీల్ అయినా లేకపోవడం పెద్ద లోటు అని చెప్తే, చట్టం 2007లో వచ్చింది, ట్రిబ్యునల్ 2009లో మొదలైంది. అంత నెమ్మది మనది. మన ఆంధ్రావాళ్ళకి చెన్నై బెంచ్. ఒక మెంబరు హైకోర్టు జడ్జిగా చేసినాయన, ఇంకొకరు సైన్యంలో పెద్ద ర్యాంకులో చేసినాయన. నేను పొద్దున్నే బస్సెక్కి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోతా, ఫైలు ఒళ్ళో పెట్టుకుని. అక్కడ నాకొచ్చే పని ఎక్కువగా పెన్షన్లు, వికలాంగ పెన్షన్లు. 2013లో ధర్మవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని రాసి, తర్వాత జబ్బు చేస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాల, కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమే అని. ఆ ఒక్క తీర్పు మీద ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో. కానీ ఆ ట్రిబ్యునల్‌కి జీతాలు, భవనాలు, స్టాఫ్ ఇచ్చేది రక్షణ శాఖే, అక్కడ ప్రతి కేసులో ప్రతివాది కూడా ఆ శాఖే. పైగా చట్టంలో ఒక కన్నం ఉంది. సమ్మరీ కోర్ట్ మార్షల్లో డిస్మిస్ గానీ మూడు నెలల పైన జైలు గానీ పడితేనే ట్రిబ్యునల్ చూస్తుంది. రెండు నెలలు జైల్లో పెట్టి వదిలేసినారనుకో, ఆ తలుపు మూసేసినట్టే, హైకోర్టుకి పోవాల్సిందే. ఆ హైకోర్టు దారి కూడా 2015 తీర్పుతో మూసుకున్నట్టయి, 2023లో పరశోతం దాస్ కేసు తర్వాత మళ్ళీ తెరుచుకుంది.

మా అక్క కూతురికి నేను చెప్పిందిదే. నువ్వు చేరితే ఇట్లాంటి సమ్మరీ ప్రొసీడింగ్స్ రివ్యూ కోసం నీ టేబుల్ మీదికి వస్తాయి, మనిషి అప్పటికే ట్రంకు పెట్టె ఎత్తుకుని ఊరికి వచ్చేసి ఉంటాడు, 162వ సెక్షన్ మెరిట్స్ మీద కొట్టేయొచ్చు గానీ టెక్నికల్ కారణాల మీద కుదరదు అంటుంది, "డిక్లైన్డ్" అన్న చోట్ల నువ్వు ఎంత గట్టిగా నోట్ రాసినా అది సలహానే, సంతకం పెట్టేది వేరే ఆయన. "మరి చేరద్దంటావా మామా" అంది. చేరమనే అన్నా. కనీసం నోట్ రాసే చేయి మంచిదైతే కొన్నైనా ఆగుతాయి. కానీ పార్లమెంటు చేయాల్సిన పని వేరే ఉంది, సమ్మరీ కోర్ట్ మార్షల్‌ని యుద్ధానికీ యాక్టివ్ సర్వీసుకీ పరిమితం చేయడం, 129వ రూల్లో లాయర్ నోటికి వేసిన కట్టు తీయడం, జాగ్‌లోంచే ఒక డిఫెన్స్ విభాగం వేరు చేసి వాళ్ళ రిపోర్టులు కమాండర్ చేతిలోంచి తప్పించడం. ఇందులో కొత్త భవనాలు కట్టాల్సింది ఏమీ లేదు.

అంతవరకు, మన జిల్లాల్లో ఫౌజీ ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: అబ్బాయికి కోర్ట్ మార్షల్ అయిందని తెలిసిన రోజే ప్రొసీడింగ్స్ కాపీ కోసం రాతపూర్వకంగా అడగమనండి, ఆర్మీ రూల్స్ 147 ఆ హక్కు ఇస్తుంది. ఆర్మీ యాక్ట్ 164వ సెక్షన్ కింద పైవాళ్ళకి పిటిషన్ వేయించండి, అది వేసినట్టు పోస్టల్ రసీదు దాచండి. సర్వీసు విషయాల్లో ట్రిబ్యునల్‌కి పోవడానికి గడువు ఆరు నెలలే, ఆలస్యానికి కారణం చూపిస్తే మన్నించొచ్చు గానీ దాన్ని నమ్ముకోవద్దు. నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు, అంటే సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో రాసే శిక్షలు, పడ్డాయి కాబట్టి ఇంటికి పంపేస్తున్నాం అంటే బెదిరిపోవద్దు, నాలుగు పడినంత మాత్రాన దానంతటదే డిశ్చార్జ్ కాదని, సర్వీసు ఎంత చేసినాడు, యాడ చేసినాడు అన్నీ చూడాలని 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆస్పత్రి చీటీలు మాత్రం ఒరిజినల్స్ యూనిట్‌కి ఇచ్చేయొద్దు. జిరాక్సులు ఇవ్వండి.